ఒప్పుకుంటారా అని నేను రాసిన ప్రశ్న

ఉద్యోగం కోసం పెట్టుకున్న దరఖాస్తులో తెలుగు చదవడం, రాయడం వచ్చని రాశాను. అది అబద్ధం. నేను పుట్టి పెరిగింది అండమాన్ దీవుల్లోని పోర్ట్‌బ్లెయిర్‌లోనే. ఇంట్లో అమ్మానాన్నలతో తెలుగులోనే మాట్లాడేదాన్ని గానీ, బడిలో నేర్చుకున్నది హిందీ, ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు గుర్తుపడతాను, దుకాణం బోర్డు కూడబలుక్కుని చదువుతాను. అప్పట్లో నాకొచ్చింది అంతే.

ఆఫీసు మిడిల్ పాయింట్‌లో, ఒక మందుల షాపు పైన రెండు గదులు. కావాలని పెట్టే మంటలను ఎలా ఆపాలో తెలుసుకునేందుకు ఒక పరిశోధన జరగబోతోంది. దానికి ముందుగా ప్రణాళిక వేయడం మా పని. అప్పటికి కొంతకాలంగా ఊళ్లో చేపలు ఎండబెట్టే షెడ్లు, ఒడ్డున కట్టేసిన చిన్న పడవలు, ఇళ్ల ముందు నిలిపిన స్కూటర్లు ఉండుండి కాలిపోతున్నాయి. ఎవరు పెట్టారన్నది పోలీసులు చూసుకుంటారు, దానికి ముందు ఏం జరిగిందో మనం తెలుసుకోవాలి అనేది మా ఆఫీసు నడిపే మేడమ్. ఎవరి మధ్య మాటామాటా వచ్చింది, ఏ చోట జనం కన్ను పడదు, ఎవరైనా ముందే పసిగట్టారా, ఇవన్నీ తెలిస్తేనే రేపు ఇంకొకటి కాలకుండా ఏదైనా చేయగలం అనేది. ఆమె సముద్రం అవతలి మెయిన్‌లాండ్ నుంచి వచ్చింది, హిందీ మనిషి. ఆఫీసులో మూడో మనిషి ఇక్కడే పుట్టిన బెంగాలీ. నాకంటే పదేళ్లు పెద్ద. నేను భయ్యా అనేదాన్ని, ఆయన దీదీ అనేవాడు. ఇళ్లకు వెళ్లి కాగితాలు ఇచ్చి, మర్నాడు తెచ్చేది ఆయనే.

పెద్ద పరిశోధనకు ముందు ప్రశ్నల కాగితాన్ని కొద్ది ఇళ్లలో ఇచ్చి చూడాలనుకున్నాం. ప్రశ్నలను మేడమ్ హిందీలో రాసింది. తెలుగులోకి మార్చే పని నాది. ఒక ప్రశ్నలో, మంట ఎవరో కావాలని పెట్టారని మీరు అనుకుంటున్నారా అని అడగాలి. హిందీలో అక్కడ 'మాన్‌తే హై' అని ఉంది. మాన్‌నా అంటే హిందీలో అనుకోవడం, ఒప్పుకోవడం రెండూ; నా బుర్రలో ఒప్పుకోవడమే ఉంది. ఫోనులో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఇలా రాశాను: "నిప్పు కావాలనే పెట్టినట్టు మీరు ఒప్పుకుంటారా?"

ఎవరికైనా చూపించమంటావా అని మేడమ్ అడిగింది. బ్రూక్షాబాద్‌లో రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన ఉన్నారని నాకు తెలుసు. ఆయనకు చూపిస్తే నాకు రాదన్న సంగతి బయటపడుతుంది. అవసరం లేదు మేడమ్, బాగానే వచ్చింది అన్నాను.

ఆ కాగితం అందుకున్న వాళ్లలో జంగ్లీఘాట్‌లో ఎండుచేపలు అమ్మే ఒక పెద్దావిడ ఉంది. సిక్కోలు వైపు నుంచి కోడలిగా వచ్చింది, భర్త పోయాడు. ఆవిడా, ఆవిడ తోటికోడలూ కలిసి వాడుకునే షెడ్డు ఒక మధ్యాహ్నం అందరూ అన్నాలు తిని నడుం వాల్చిన వేళ కాలిపోయింది. అంతకు వారం ముందు షెడ్డులో ఎవరి భాగం ఎంత అని ఇద్దరూ గొడవపడ్డారు. దాంతో, తనకు దక్కనిది ఎవరికీ దక్కకూడదని ఈవిడే తగలబెట్టిందని వీధిలో అనుకునేవారు. పైకి ఎవరూ అనలేదు. ఆవిడకు ఆ సంగతి తెలుసు.

కాగితం ఇచ్చిన మర్నాడు పొద్దున్నే ఆవిడ తనంతట తాను ఆఫీసుకు వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది. సంచిలోంచి కాగితం తీసి నా బల్ల మీద పెట్టి, ఆ ప్రశ్న కింద వేలు పెట్టి తప్పులేకుండా చదివింది. నాకంటే ఎంతో బాగా చదివింది.

"నానేటి ఒప్పుకోవాలమ్మా? సర్కారోళ్లు కాయితం మీద రాసి మరీ అడుగుతన్నారు. నాను పెట్నేదు."

ఆవిడ గొంతులో విన్నాక గానీ, నేను రాసినదానికి అర్థమేమిటో నాకు తెలియలేదు. 

మేడమ్ లోపలి గదిలోంచి వచ్చి, ఏమంటోంది అని హిందీలో అడిగింది. ఆ గదిలో రెండు భాషలూ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. "భయ్యా ఏదో తప్పుగా మాట్లాడినట్టున్నారు మేడమ్. నువ్వే పెట్టావా అన్నట్టు అడిగారట" అని హిందీలో చెప్పాను.

భయ్యా అక్కడే, తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. "మైనే కుఛ్ నహీ కహా మేడమ్, నేనేమీ అనలేదు. చదివి నింపండి అన్నాను, అంతే" అన్నాడు.

భయ్యా అన్న మాట విని ఆవిడకు కొంత అర్థమైనట్టుంది. నా వైపు తిరిగి, "ఆ బాబు ఏటీ అనలేదమ్మా. మంచినీళ్లు తాగి యెల్లిపోనాడు. ఈ కాయితమే అంది" అంది.

మేడమ్ మళ్లీ నా మొహంలోకి చూసింది. ఆ మాటలు నేను హిందీలోకి మార్చలేదు. ఆవిడ బాధపడుతోంది అని మాత్రం చెప్పాను. తర్వాత ఆవిడతో, "అది మీ గురించి కాదత్తా, గల్తీ అయిపోయింది, మీరు ఇంటికెళ్లండి" అన్నాను. ఎవరి తప్పో చెప్పలేదు. ఆవిడ కాగితాన్ని నా బల్ల మీదే వదిలేసి మెట్లు దిగిపోయింది. ఆ ప్రశ్న కింద గుండ్రటి అక్షరాలతో 'ఒప్పుకోను' అని రాసి ఉంది.

భయ్యాను ఇళ్లకు పంపడం మేడమ్ ఆపేసింది. ఆయన ఆఫీసులో కూర్చుని జిరాక్సులు తీస్తూ, కాగితాలకు పిన్నులు కొడుతూ ఉండేవాడు.  నేను చూసినప్పుడల్లా పని మీదే ఉండేవాడు. ఆయన నన్ను ఒక్క మాట అంటే బాగుండునని ఉండేది. అంటాడేమోనని భయంగానూ ఉండేది.

మిగతా తెలుగు ఇళ్ల కాగితాలు ఏమీ నింపకుండానే తిరిగొచ్చాయి. సర్కారోళ్లు వచ్చి ఒప్పుకోమన్నారంటే ఏదో ఉండే ఉంటుంది అని తోటికోడలు వీధి కొళాయి దగ్గర అందట. అంతవరకూ గుసగుసగా ఉన్న మాటకు నా కాగితం సాక్ష్యమైంది. ఇది నాకు పడవల్లోంచి చేపలు దించే ల్యాండింగ్ దగ్గర మా అమ్మకు తెలిసినావిడ చెప్పింది. ఆ ప్రశ్న రాసింది నేనేనని ఆమెకు తెలియదు. నేను తలూపి, చేపలు సంచిలో వేసుకుని వచ్చేశాను.

మూడు వారాల తర్వాత మేడమ్ ప్రణాళిక చిత్తుప్రతి చదవమని ఇచ్చింది. తెలుగు కుటుంబాలు మాట్లాడటానికి ఇష్టపడటం లేదు కాబట్టి మొదటి విడతలో వారిని వదిలేయవచ్చని అందులో ఒక వాక్యం ఉంది. దాన్ని రెండుసార్లు చదివాను. మా అమ్మ, మా వీధి, మా వాళ్లందరూ ఆ వాక్యంలో ఉన్నారు. రేపు వాళ్ల పడవ కాలినా, షెడ్డు కాలినా, ముందు ఏం జరిగిందని అడిగేవాళ్లు ఉండరు.

ఆ మధ్యాహ్నం మేడమ్ గదిలోకి వెళ్లి చెప్పాను. రాయడం రాకపోయినా వచ్చన్నానని, ఒప్పుకుంటారా అన్న మాటకు అర్థం వేరని, భయ్యా ఏమీ అనలేదని, ఆవిడ ఆ సంగతి చెప్పినా నేను దాచేశానని. ఇంతకంటే వరుసగా చెప్పలేకపోయాను. మేడమ్ పెన్నుకు మూత పెట్టి బల్ల మీద ఉంచింది. "అతనికి చెప్పావా?" అని అడిగింది. లేదన్నాను. ముందు అతని దగ్గరికి వెళ్లమంది.

భయ్యా జిరాక్స్ మిషన్ దగ్గర ఉన్నాడు. చెప్పాను. ఆయన మిషన్ ఆపలేదు. "నాకు తెలుగు చదవడం రాదు దీదీ. మీకూ రాదని ఒక్క మాట అంటే, ఇద్దరం కలిసి ఎవరినైనా అడిగేవాళ్లం" అన్నాడు.  మర్నాటి నుంచి మళ్లీ ఇళ్లకు వెళ్లాడు. నన్ను మాత్రం దీదీ అనడం మానేసి మేడమ్ అంటున్నాడు.

బ్రూక్షాబాద్ మాస్టారు ఆ ప్రశ్నను ఐదు నిమిషాల్లో సరిచేశారు. ఇప్పుడు నాకు తెలుగు నేర్పుతున్నదీ ఆయనే. కొత్త కాగితం పట్టుకుని పెద్దావిడ ఇంటికి వెళ్లాను. కుర్చీ వేసింది, నీళ్లిచ్చింది. తప్పు నాదేనని, రాసింది నేనేనని చెప్పాను.

"తెలుగోళ్ల పిల్లవి గదా, నీకు తెలీకపోడమేటి?" అంది. కోపంగా అనలేదు. నిజంగానే అర్థంకాక అడిగింది.

తోటికోడలికీ, చుట్టుపక్కల వాళ్లకూ నేనే చెబుతాను అన్నాను. వద్దంది. అయినా వెళ్లి చెప్పాను. తోటికోడలు గుమ్మంలోనే నిలబడి అంతా విని, "మీరు అడగాల్సింది అడిగేసినారు కదా, ఇప్పుడు కాదంటే ఎవులు నమ్ముతారు?" అంది.

ప్రణాళిక పూర్తయింది. తెలుగు కుటుంబాలు అందులో ఉన్నాయి. మొదటి కాగితంలో అనువాద లోపం వచ్చిందని చివర ఒక వాక్యం ఉంది. ఎవరి లోపమో అందులో లేదు. రాయమని నేను అడగనూ లేదు. షెడ్డుకు నిప్పు ఎవరు పెట్టారో నేటికీ తెలియదు. పెద్దావిడ కొత్త కాగితం నింపలేదు. ఆవిడ ఇప్పుడు చేపలు ఎండబెట్టడం మానేసి, ల్యాండింగ్ దగ్గర పచ్చిచేపలు తీసుకుని బుట్టలో తిప్పి అమ్ముతోంది. ఒకసారి ఆటోలోంచి చూశాను. ఆటోను ఆపమనలేదు.