కట్టతాత మీది పసుపు

దుర్గాబాయి ఆ ఊరి మ్యూజియంలో పదకొండేళ్లు ఊడ్చే పని చేసింది. మ్యూజియమంటే మేడలేవీ ఊహించుకోనక్కరలేదు. శామీర్‌పేట నుంచి మేడ్చల్ వెళ్లే దారికి కాస్త ఎడంగా ఉన్న పాత పంచాయతీ కార్యాలయం, రెండే గదులు. మొదటి గదిలో మోటబొక్కెన, రెండు మానికలు, నిజాం కాలపు తాళంకప్ప, పలకని గ్రామఫోను. రెండో గదిలో కిటికీ పక్కన సిమెంటు దిమ్మె మీద నడుమెత్తు రాయి. దాని మీద భుజాన వల వేసుకున్న మనిషి బొమ్మ, అతని కాళ్ల కింద మూడు అలల గీతలు. ముందర అట్టముక్క మీద ఇలా రాసి ఉంటుంది: "వీరగల్లు. కాలం తెలియదు. ముట్టరాదు."

కాలం తెలియకపోతే పోనీ, మనిషి తెలియకపోవడమేమిటి? ఊళ్లో చేపలు పట్టి బతికే ఇరవై ఇళ్లవాళ్లను అడిగితే చెప్పేవారు, అతడు కట్టతాత అని. ఎన్ని తరాల కిందటో చెరువుకట్ట తెగినప్పుడు గండి పూడ్చబోయి నీళ్లలో కొట్టుకుపోయాడు. అతని వల మాత్రం తుమ్మకొమ్మకు చిక్కి దొరికింది. అప్పటి నుంచి ఏటా మొదటి వల వేసిన పొద్దు, పడిన మొదటి చేపను తాతకు చూపించి, నుదుట పసుపు పూస్తారు. ఆ తరువాతే తక్కిన చేప బుట్టల్లోకి చేరుతుంది. ఈ సంగతి అట్టముక్క రాసినవాళ్లు అడగనూ లేదు, తెలుసుకోనూ లేదు.

దుర్గాబాయి పుట్టిల్లు బౌరంపేట్. పదహారేళ్ల వయసులో ఎల్లేష్ చేయి పట్టుకుని ఈ ఊరికి వచ్చినప్పుడు అత్త ఆమెకు అప్పగించిన మొదటి పని, కట్ట మీద నిలబడి ఉన్న తాతకు పసుపు నూరడం. వంట తరువాత నేర్చుకుంది. వల అల్లడం ఇంకా తరువాత.

రెండు వేల పద్నాలుగులో కట్ట మీది బాట వెడల్పు చేస్తూ రాయిని తీసెయ్యమన్నారు. అప్పుడే మ్యూజియం పెడుతున్న కమిటీవాళ్లు మేం దాచిపెడతామని ముందుకు వచ్చారు. ఎల్లేష్ మంచి మాటకు కరిగే మనిషే అయినా ఆ రోజు కాగితం లేకుండా రాయి కదలనివ్వలేదు. తెల్లకాగితం మీద నాలుగు పంక్తులు: "ఆచారం సాగినంతకాలం ఈ రాయిని ఊరు దాటించరాదు. మొదటి వల నాడు సంబంధిత కుటుంబాలకు గది తెరవవలెను." కింద కమిటీ ముద్ర, ఎల్లేష్ సంతకం, పందొమ్మిది వేలిముద్రలు. రెండేళ్లకు ఎల్లేష్ పోయాడు. కాగితం దుర్గాబాయి పెట్టెలో ప్లాస్టిక్ కవరులో మిగిలింది.

ఊడ్చే పనికి ఆమె ఒప్పుకున్నది కూడా రెండో గది తాళంచెవి ఊడ్చేవాళ్ల దగ్గరే ఉంటుందని తెలిసే. బతుకంతటిలో ఆమె వేసిన ఎత్తు అదొక్కటే.

ఏటా మొదటి వల నాడు పొద్దున ఆరింటికే తలుపు తీసేది. ఇరవై ఇళ్లవాళ్లూ వచ్చి, చేప చూపించి, పసుపు పూసి వెళ్లిపోయేవారు. పది గంటలకు చూసేవాళ్లు వస్తారు కనుక, ఆలోగా చింతపండు, కొబ్బరిపీచు పట్టుకుని పచ్చని చుక్క మిగలకుండా ఆమే కడిగేది. మరకలుండరాదని కమిటీవాళ్లు మొదటి ఏడే చెప్పారు, నోటిమాటగా. ఆమె దాన్ని రాతకంటె గట్టిగా పట్టుకుంది. పొద్దున పూసిన చేయే పదింటికి కడుగుతున్నందుకు లోపల ఎక్కడో కలుక్కుమనేది. అయినా తాత పసుపూ ఆగలేదు, తన మీద మాటా రాలేదు కదా అని సర్దుకునేది.

ఈ ఏడు ఉగాది వెళ్లిన వారానికి కమిటీ అధ్యక్షుడు జైపాల్ వచ్చాడు, చంకలో ఫొటోల పుస్తకంతో.

"దుర్గక్కా, నారాజ్ గాకు. బౌరంపేట్ల కొత్త విల్లాలోళ్లు గేటు కాడ పాత రాళ్లతోని తోట పెడుతున్రు. తాతకు గొడుగు గట్టిస్తరట, రంగురంగుల లైట్లట. గీ చీకటి గదిల ఏమున్నది?"

"కాగితం ఉన్నది గద సారు."

"ఉన్నది. సదివిన. ఆచారం సాగినంతకాలం అని ఉన్నది. సాగుతాందా?"

"ఎందుకు సాగుతలేదు? నిరుడు గూడ బాజాప్త జేసినం."

జైపాల్ పుస్తకం తెరిచాడు. ఏటా పనివేళలో తీయించిన ఫొటోలు, మొత్తం పదకొండు. ప్రతి దాంట్లోనూ రాయి తోమిన కంచంలా మెరుస్తున్నది.

"ఏడున్నది పసుపు? ఒక్క సుక్క సూపియ్యి."

"నేనే కడిగిన సారు! కడుగుమన్నది మీ కమిటీనే గద!"

"అన్నట్టు ఏడ రాసున్నది?"

ఎక్కడా రాసి లేదు. తీర్మానాల పుస్తకంలో రాసి ఉన్నదొక్కటే, పదకొండు సంవత్సరాల్లో పదకొండుసార్లు: "పరిశుభ్రత సంతృప్తికరము." ముట్టరాదని బోర్డు పెట్టినవారే, కడగమని ఆజ్ఞాపించినవారే, ఆ కడిగిన శుభ్రతనే సాక్ష్యంగా నిలబెట్టి ఆచారం చచ్చిపోయిందని తేల్చారు. దీన్ని న్యాయమనడానికి ఏ నోరైనా ఎలా తిరుగుతుంది?

ఆ సాయంత్రం ఆమె భిక్షం ఇంటికి వెళ్లింది. భిక్షం మత్స్యకారుల సంఘం పెద్ద, ఎల్లేష్‌తో కలిసి వల లాగినవాడు.

"సోమవారం లారీ వస్తాందట. మొదటి వల గా పొద్దుగాల్నే ఎయ్యాలె."

"నీకేమన్న పిచ్చా వదినే? నీళ్లు ఇంక దిగనే లేదు. గిప్పుడేస్తే బుడ్డపరకలే పడ్తయి."

"బుడ్డపరక చేప గాదా?"

"తాత నవ్వుతడు."

"నవ్వనియ్యి. బౌరంపేట్ గేటు కాడ నిలవడి ఏడ్సుడు కన్న నయమే గద."

భిక్షం లేచి గూటానికి వేలాడుతున్న వల దించాడు.

సోమవారం పొద్దున పడిన మొదటి చేప వేలెడంత ఉంది. ఇరవై ఇళ్ల నుంచీ వచ్చి చూపించారు. దుర్గాబాయి నుదుటితో ఆపలేదు. వల మీద, భుజాల మీద, మూడు అలల మీద కూడా పసుపు పూసింది. అందరూ వెళ్లిపోయారు. తొమ్మిదిన్నరకు చెయ్యి అలవాటుగా బకెట్టు వైపు వెళ్లింది. అందులో చింతపండు నానుతున్నది. తానెప్పుడు వేసిందో తనకే తెలియదు. బకెట్టును గడప అవతలికి జరిపి, చేతులు చీరకు తుడుచుకుని గుమ్మంలో కూర్చున్నది.

లారీ పదింటికి వచ్చింది. బహదూర్‌పల్లి హమాలీల మేస్త్రీ బాలేష్ తాడు భుజాన వేసుకుని గదిలోకి వచ్చి, రాయిని చూసి, వెనక్కి వెళ్లి చెప్పులు విడిచి వచ్చాడు. వెనుకనే జైపాల్.

"కడుగు దుర్గక్కా."

"కడగ సారు."

"పదకొండేండ్లు కడిగినవ్ గద!"

"గదే నేను జేసిన తప్పు."

జైపాల్ బాలేష్ వైపు తిరిగాడు. "నువ్వు తాడెయ్యి, జల్దీ."

"పచ్చి పసుపు మీద తాడెట్లేస్త సారు? బీరువా ఎత్తమను, ఇంజిన్ ఎత్తమను, ఎత్తుత. గిది నాతోని గాదు. నాకు గూడ పోరగాళ్లున్నరు."

జైపాల్ తానే వంగి చెంబు ముంచాడు. రాయి దగ్గరిదాకా వెళ్లాడు. అతడూ ఆ ఊరి నీళ్లు తాగి పెరిగినవాడే, చెయ్యి లేవలేదు. చెంబు దిమ్మె మీద పెట్టేశాడు.

"ఫొటో తియ్యున్రి సారు," అంది దుర్గాబాయి.

అతడు ఫోను తీసి, ఏమనుకున్నాడో మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. తరువాత చెయ్యి చాపాడు. "తాళంచెవి ఇయ్యి."

కొంగుముడి విప్పడానికి ఆమెకు కొంచెం సమయం పట్టింది. లారీ ఖాళీగానే వెనక్కి పోయింది.

నాలుగో రోజు ఉత్తరం వచ్చింది. భిక్షం చదివి వినిపించాడు: "తేదీ పద్నాలుగున మత్స్యకార కుటుంబాలవారు తమ ఆచారము ప్రకారము రాతికి పసుపు పూయగా, దానిని శుభ్రపరచుటకు నిరాకరించినందున పనిమనిషి దుర్గాబాయిని తొలగించడమైనది." కింద జైపాల్ సంతకం, కమిటీ ముద్ర.

"ఇంకోపారి సదువు. పసుపని రాసిన్రా?"

"రాసిన్రు."

"ఆచారమని?"

"అది గూడ రాసిన్రు వదినే." భిక్షం ఆమె ముఖంలోకి చూశాడు. "నీ పని పాయె గదనే?"

ఆమె ఉత్తరాన్ని మడిచి, ఎల్లేష్ కాగితంతో పాటు అదే ప్లాస్టిక్ కవరులో పెట్టింది. పదకొండేళ్ల పసుపును కడిగేసిన ఊళ్లో, పసుపు ఉన్నదని రాసిన కాగితం అదొక్కటే.

"సరే, వచ్చే ఏడు తలుపెవరు తీస్తరు?" అన్నాడు భిక్షం.

ఇప్పుడు ఆమె కండ్లకోయలో ఒక హాస్టల్‌లో గిన్నెలు కడుగుతున్నది. పొద్దున బస్సుకు వెళ్తూ మ్యూజియం వెనకవైపుకు వెళ్లి, కిటికీ ఊచలు పట్టుకుని, మునివేళ్ల మీద లేచి లోపలికి చూస్తుంది. నిన్న చూసినప్పుడు పసుపు అలాగే ఉంది. పక్కన కొత్త బకెట్టు ఒకటి కనిపించింది.