వెనక నుంచి పిలిచే సారు

మా ఫిజియో సారు ఎవరినీ ముందు నుంచి పలకరించిన పాపాన పోలేదు. ఎదురుపడితే తల వంచుకుని పోతాడు. మనం నాలుగడుగులు దాటాక వెనక నుంచి పిలుస్తాడు. తిరిగి చూస్తామా, "ఏం లేదు, వెళ్లండి" అంటాడు. బయల్దేరినవాళ్లని వెనక్కి పిలవకూడదని ఈయనకి ఇంట్లో ఎవరూ చెప్పలేదు కాబోలు.

క్రీడాకారుల శిక్షణ కేంద్రంలో ఆయన గదిలోనే నా బల్ల. పద్దెనిమిది నుంచి పాతికేళ్లలోపు పిల్లల వెన్ను ఎటు ఎంత తిరుగుతుందో ఆయన కొలుస్తాడు, నేను రిజిస్టర్లో రాస్తాను. టీ కప్పుతో వెళ్తుంటే పిలిచాడంటే ఆ టీ నా బట్టల మీదే, నా తిట్లు ఆయన మీదే. వాచ్‌మన్ ఒకసారి పంతం పట్టి తిరగనే లేదు. సారు గేటు దాకా పిలుస్తూనే వెళ్లాడు. ఓ సోమవారం నేను వచ్చేసరికి నా బల్లని ఆ గోడ నుంచి ఈ గోడకి మార్పించేశాడు. ఎందుకండీ అంటే, ఏం లేదన్నాడు. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన గమనిస్తేగా!

అలాంటి మనిషి చేతిలో పడింది మా బల్లెమ్మ బతుకు. బల్లెం విసిరే పిల్ల కాబట్టి అందరం అలాగే పిలిచేవాళ్లం. పోయిన ఏడాది విసురుతూ విసురుతూ నడుం పట్టేసి ఆరు నెలలు మంచానికే అంటుకుపోయింది. జట్టు ఎంపిక రోజు రానే వచ్చింది. జాబితా ఆ సాయంత్రం ఐదింటికి వెళ్లిపోతుంది. దానికి ముందు ఈ పరీక్ష. స్టూలు మీద కూర్చుని, తుంటి కదలకుండా మోకాళ్ల మధ్య బంతి బిగించి, భుజాలకి కర్ర ఆనించుకుని నడుం పైభాగం తిప్పాలి. రెండు వైపులా నలభై ఐదు డిగ్రీలు, అంటే నేల మీద అతికించిన పట్టీ దాకా కర్ర రావాలి. అవకాశాలు మూడే. రాకపోతే ఈ ఏడాదికి ఇంటికే.

కుడివైపు యాభై రెండు వచ్చింది. ఎడమవైపు ముప్పై ఆరు. రెండోసారి ఇంకా తగ్గి ముప్పై ఐదు. గడియారం నాలుగున్నర దాటింది. కోచ్ గుమ్మంలో నిలబడి పెన్ను టకటకలాడిస్తూ, ఇంకో అమ్మాయి పేరు రాసేసుకోనా అని అడిగాడు.

"రాసుకోనివ్వండి సార్, నా వల్ల కాదు" అంది బల్లెమ్మ. పెదవులు ఆరిపోయాయి పాపం.

సారు కర్ర అలాగే పట్టుకుని కాసేపు కూర్చోమని చెప్పి, మంచినీళ్లు తాగడానికి ఆమె వెనక్కి పోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పిల్ల కొంప మునుగుతుంటే ఈయనకి దాహమా!

"బల్లెమ్మా" అని పిలిచాడు వెనక ఎడమపక్క నుంచి.

అలవాటు ఊరుకోదుగా. పిల్ల ఎడమవైపు గిరుక్కున తిరిగింది. బంతి మోకాళ్ల మధ్యే ఉంది. కర్ర పట్టీ దాటిపోయింది.

"ఏం లేదు. కర్ర ఎక్కడుందో చూసుకో" అన్నాడు.

ఇది లెక్కలోకి రాదన్నాడు కోచ్. రాదని సారూ ఒప్పుకున్నాడు, ఇది ఆ అమ్మాయి కోసమే అన్నాడు. సొరుగులోంచి ఓ నలిగిన నోటుపుస్తకం తీశాడు. మెట్ల దగ్గర, క్యాంటీన్లో, గేటు దగ్గర, పిలిచిన ప్రతి పిలుపూ తేదీతో సహా ఉంది.

"రెండు నెలల్లో నలభై మూడుసార్లు పిలిచానమ్మా. ఎటు పిలిస్తే అటు నిక్షేపంగా తిరిగావు. నీ వెన్ను ఎప్పుడో బాగైపోయింది. కొలుస్తున్నారనగానే ఊపిరి బిగబట్టేస్తున్నావు, అంతే. వదులుతూ తిరుగు."

మూడోసారి. కర్ర నలభై దగ్గర ఆగిపోయింది. కోచ్ పెన్ను చప్పుడూ ఆగింది. పిల్ల కళ్లు మూసుకుని మెల్లగా ఊపిరి వదిలింది. నలభై రెండు. నలభై నాలుగు. అక్కడ కర్ర వణికింది. నలభై ఆరు! నేను రాసిన అంకె రిజిస్టర్లో ఇప్పటికీ వంకరగానే ఉంటుంది. కోచ్ బల్లెమ్మ పేరు రాసుకుని పరుగెత్తాడు.

అందరూ వెళ్లాక నోటుపుస్తకం సర్దుతుంటే అందులో నా పేజీ కనిపించింది. "రిజిస్టరమ్మ. ఎడమవైపు తిరగడం లేదు. ఫోను, తలుపు, బీరువా అన్నీ కుడివైపే. అడిగితే నొప్పి లేదంటుంది. బల్ల అవతలి గోడకి మార్చాలి, అప్పుడవి ఎడమవైపు వస్తాయి." మూడు నెలల తర్వాత తేదీతో ఇంకో ముక్క: "ఇప్పుడు రెండు వైపులా తిరుగుతోంది. తిట్లు మాత్రం తగ్గలేదు."

నా నడుంనొప్పి మా అత్తగారిచ్చిన నూనెతో పోయిందని ఊరంతా చాటింపు వేశానండీ. సిగ్గుతో చచ్చిపోయాను.

సంచి తగిలించుకుని మెట్లు దిగుతుంటే వెనక నుంచి పిలుపు. తిరిగాను, కావాలనే ఎడమవైపు.

"ఏం లేదు, వెళ్లండి" అన్నాడు.

"తిట్లు తగ్గాయని కూడా రాసుకోండి సార్" అన్నాను.