ఆగని మగ్గం

మా వీధిలో మగ్గాలకు డబ్బీలు బిగించిన రోజు ఆడవాళ్లందరికీ నేనే ధైర్యం చెప్పాను. "దీనికి కండ్లు లేవు, చెవులు లేవు. మగ్గం అదురు, గుంతలో తేమ, గాలిలో వేడి, ఈ మూడే దీనికి తెలిసేది" అన్నాను. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. ఇప్పటికీ అది నిజమే. అందుకే ఆ మాట తలచుకుంటే నాకు మరింత సిగ్గు వేస్తుంది.

మాది ధర్మవరం. నాయన మగ్గం గుంతలో కూర్చుంటే, అంచు పక్క అమ్మ కూర్చుని, అడ్డపోగు మోసే నాడె అందిస్తుంది. వీధిలో చాలా ఇళ్లలో ఇంతే. ఇద్దరిలో ఏ ఒక్కరు లేకపోయినా చీర ముందుకు కదలదు. నేను పాలిటెక్నిక్ చదివి, హిందూపురంలో ఒక చిన్న కంపెనీలో పనికి కుదిరాను. పొద్దున రైలెక్కి కిటికీ పక్కన చోటు దొరికితే, పెనుకొండ వచ్చేదాకా నవల చదువుకుంటాను. ఏం పుస్తకమో ఎవరూ అడగకుండా అట్టకు పాత పేపరు చుట్టి ఉంచుతాను.

మా కంపెనీ చేసే డబ్బీ అరచేతిలో పడుతుంది. దాని తెలివి చాలా తక్కువ. సొంతంగా ఏదీ తేల్చుకోలేదు. 'నా దగ్గర గాలి పొడిబారుతోంది, నీ దగ్గర ఎలా ఉంది?' అని పక్కింటి డబ్బీని అడుగుతుంది. అది దాని పక్కదాన్ని అడుగుతుంది. అలా అన్నీ కలిసి తేల్చుకున్న మాట ఫోన్లకు వస్తుంది. పట్టు పోగులు తెగే ఎండ రాబోతోంది, గుంతలో నీళ్లు చల్లుకోండి అనో, ఫలానా మగ్గం అదురు మారింది, ఎక్కడో బిగువు సడలింది చూసుకోండి అనో. వీటన్నిటి మీద పెత్తనం చేసే పెద్ద కంప్యూటరు ఎక్కడా లేదు. ఇది అమ్మకు విడమరిచి చెబితే, "అంటే మా ఆడోళ్లు గోడ మింద మాట్లాడుకుండేట్ల గదా" అంది.

వీధిలో ఒక ముసలాయన పోయినప్పుడు, శవం లేచేదాకా ఎవరూ మగ్గం ఆడించలేదు. మగ్గం ఊరికే ఆగితే డబ్బీ హెచ్చరిక పంపాలి. ఆ రోజు ఒక్కటీ పంపలేదు. పక్కవాళ్లవీ ఆగాయని కనుక్కుని, ఇది మగ్గం జబ్బు కాదని వాటికవే తేల్చుకున్నాయి. మా కంపెనీ సారు సంతోషానికి అంతు లేదు. నాకూ గర్వంగానే అనిపించింది.

మా ఇళ్లలో ఆడవాళ్లు నెలకు మూడు రోజులు దూరంగా కూర్చుంటారు. ఆ రోజుల్లో పట్టును ముట్టరు, మగ్గం దగ్గరికి రారు. మగవాళ్లు ఆ రోజులకు బజారు పనో, దారం కండెలకు చుట్టే పనో పెట్టుకుంటారు. ఎందుకని ఎవరూ ఎవరినీ అడగరు. నేనైతే నా డైరీలో కూడా 'తలనొప్పి' అని రాసుకుంటాను. డబ్బీలు బిగించేటప్పుడు ఈ సంగతి నాకు గుర్తుకే రాలేదు. పైకి ఎప్పుడూ అనని మాట పని మధ్యలో ఎలా గుర్తొస్తుంది?

పక్కింట్లో ఒక అన్న, వదిన ఉంటారు. వదినకు రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండుసార్లూ అత్తగారి నోటి మీదుగా వీధికంతా ముందే తెలిసింది. తర్వాత వీధంతా వచ్చి ఓదార్చింది. పోయినదాని కన్నా ఆ ఓదార్పు ఎక్కువ బాధపెట్టిందని వదిన ఒకసారి మిద్దె మీద బట్టలు ఆరేస్తూ నాతో అంది. "ఈసారి నిలబడితే కడుపు కనపడేదాకా ఎవురికీ చెప్పను పాపా. మీ పెద్దమ్మకు అసలే చెప్పను." పెద్దమ్మ అంటే ఆమె అత్తగారు. వీధి చివర పెద్దకొడుకు ఇంట్లో ఉండేది. వీళ్లది వేరు కాపురం కాబట్టి దాచుకోవడం కుదిరే పనే.

డబ్బీలు ఏం నేర్చుకున్నాయో చూపించడానికి సారు పెనుకొండలో ఒక హాలు మాట్లాడి మీటింగు పెట్టారు. ధర్మవరం వాళ్లకూ, హిందూపురం వైపు వాళ్లకూ అది నడిమధ్య. మా వీధివాళ్లంతా బస్సులో వచ్చారు. ఒక పక్క కుర్చీల్లో మగవాళ్లు, ఒక పక్క చాపల మీద ఆడవాళ్లు కూర్చున్నారు. ల్యాప్‌టాప్ దగ్గర నేనున్నాను. తెర మీద చూపించేవాటిలో చివరి బొమ్మలు సారు ఆ పొద్దునే చేర్చారు. నేను అప్పటిదాకా చూడలేదు.

తెర మీద ఇంటికొక రంగు పట్టీ వచ్చింది. మొదటిది మా ఇల్లే.

"నోడండి, ఇది మేము నేర్పలేదు. డబ్బీలే పట్టుకున్నాయి" అన్నారు సారు. ఆయనది బెంగళూరు పక్క. తెలుగులో కన్నడ కలుస్తుంది. "ప్రతి ఇంట్లో నెలకొకసారి మగ్గం ఆగుతుంది. ఒక్కో ఇంటికి ఒక్కో తేదీ. జబ్బు కాదని డబ్బీలే తెలుసుకుని హెచ్చరిక పంపడం మానేశాయి. పండగ కాదు, అమావాస్య కాదు. ఏమప్పా ఇది?"

మగవాళ్లు తలలు దించుకున్నారు. చాపల మీద ఎవరో కొంగు అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వారు. నాయన తెర వైపు చూడడం మానేసి కిటికీలోంచి కొండను చూడసాగాడు.

"అది ఇడ్సిపెట్టు సారూ. ముందుకు పో" అన్నాడు వెనక కూర్చున్న ఒక పెద్దాయన.

సారుకు అర్థం కాలేదు. "లేదప్పా, ఇదే అసలు విషయ. ఈ ఇల్లు చూడండి. ఇక్కడ ఆగాలని పక్క డబ్బీలన్నీ అనుకున్నాయి. ఆగలేదు. పోయిన నెలా ఆగలేదు, ఈ నెలా ఆగలేదు." పట్టీ పక్కన అన్న పేరు ఉంది. "మీ వీధే కదమ్మా, నువ్వు చెప్పు. ఎందుకు ఆగలేదు?"

ఆయన అడిగింది నన్ను. నా చేయి ల్యాప్‌టాప్ మీదే ఉంది. మూత దించితే సరిపోయేది. అది కూడా చేతకాకుండా చేయి అక్కడే బిగుసుకుపోయింది. ఆడవాళ్ల తలలన్నీ మెల్లగా వదిన వైపు తిరిగాయి.

"ఏమ్మే," అంది పెద్దమ్మ, హాలంతా వినపడేటట్టు. "రెండు నెల్లా?"

వదిన కొంగు ముందుకు లాక్కుని ఒడి కప్పుకుంది. ఏడవలేదు. తిరుగు బస్సులో నా పక్కన చోటు ఖాళీగా ఉన్నా ముందుకు పోయి నిలబడింది. పెద్దమ్మ గదిమి ఎవరినో లేపి ఆమెను కూర్చోబెట్టింది.

మరుసటి రోజు ఆఫీసులో సారుకు నోటితో చెప్పలేక, ఎదురుగా కూర్చునే ఫోన్లో మెసేజ్ పెట్టాను. ఆయన చదివి, ఫోను బోర్లా పెట్టారు. "తుడిచేద్దామమ్మా" అన్నారు. కానీ ఎక్కడని తుడవాలి? ఆ తెలివి ఒక చోట లేదు. ప్రతి డబ్బీలో తనది కొంత, పక్కవాళ్లది కొంత ఉంది. ఒకదాన్ని తుడిస్తే పక్కవి దానికి మళ్లీ నేర్పుతాయి. ముందు వీధిలో అన్నిటినీ ఆపాలి. తర్వాత ఒక్కొక్క గుంతలోకి దిగి, చిన్న బెజ్జంలో పిన్ను పెట్టి నొక్కాలి. ఇంకెప్పుడూ ఆగిన రోజులను గుర్తుపెట్టుకోకుండా సారు మార్చి ఇచ్చారు. నొక్కే పని మాత్రం ఇల్లిల్లూ తిరిగి చేయాల్సిందే.

నన్ను చూడగానే మగవాళ్లు కండువా భుజాన వేసుకుని బయటికి పోయేవాళ్లు. ఆడవాళ్లు ఉండేవాళ్లు.

"కండ్లు లేవంటివే దీనికి?" అంది ఒకామె.

"ఏం పాపా, మా తేదీ ఎప్పుడో సూసుకోను వస్తాండావా?" అంది ఇంకొకామె. "మా ఆయప్పకే సరిగా తెలీదు, మీ సారుకు తెలిసిపాయ."

వాళ్లు నవ్వారు. నేను గుంతలోంచి తల ఎత్తలేదు.

వదిన ఇంటికి చివరగా వెళ్లాను. పెద్దమ్మ అప్పటికే తన పెట్టె తెచ్చుకుని అక్కడ దిగింది. వదినను మగ్గం దగ్గరికి పోనివ్వడం లేదు. చాప మీదనుంచి లేవనివ్వడం లేదు. పొద్దుటినుంచి ఎవరో ఒకరు చూడడానికి వస్తూనే ఉన్నారు. గుంతలో అన్న ఒక్కడే ఊరికే కూర్చుని ఉన్నాడు. ఎవరి పెండ్లికో నేస్తున్న చీర సగంలో ఉంది.

"తుడిచేస్తా వదినా" అన్నాను.

"డబ్బీలో తుడుస్తావు. ఆమెలో తుడువు, సూస్తాం" అంది, గడ్డంతో పెద్దమ్మను చూపిస్తూ. "తుడిచేది గాదు. పీకెయ్."

పీకేశాను. వెళ్లబోతుంటే మళ్లీ పిలిచింది. "ఆ పెండ్లి చీర యాడిదాడ నిలిచిపోయె. రేపట్నించి రైలుకు పొయ్యే ముందర అంచు పక్క నువ్వు కూసో."

అది అడగడం కాదు. మర్నాడు చీకటి విడవగానే వెళ్లి కూర్చున్నాను. ఆ తర్వాత రోజూ వెళ్లాను. నాకు అలవాటు లేక పని నిదానంగా సాగేది. అన్న ఏమీ అనేవాడు కాదు. వదిన నాతో మాట్లాడేది కాదు. అప్పుడప్పుడు చాప మీదనుంచే, "అంచు బిగిస్తాండావు, వదులు" అనేది. అంతే.

కొన్నాళ్లకు నా రోజులు వచ్చాయి. అమ్మతో చెప్పిస్తే అయిపోయేది. అమ్మ పోతానంది కూడా. వద్దని నేనే వెళ్లాను. గడప బయటే నిలబడ్డాను. అన్న గుంతలో దిగి, నాడె చేతిలో పట్టుకుని నా కోసం చూస్తున్నాడు. పెద్దమ్మ కాఫీ తాగుతోంది.

"ఈ పొద్దు మగ్గం ముట్టకూడదు పెద్దమ్మా. బయటున్నా" అన్నాను. చివరి మాట నోట్లోనే నమిలాను. అన్న నాడె కింద పెట్టి పోగులు సరిచేస్తున్నట్టు వంగాడు.

లోపలినుంచి వదిన అంది, "ఈడికి ఇనపడలే పాపా. గట్టిగా చెప్పు."

గట్టిగా చెప్పాను.