గోడ దగ్గరి వెచ్చదనం

ఏ అంకె చూడాలన్నా అతను ముందు ఊపిరి బిగబట్టేవాడు. కాటా మీద బరువైనా, బస్సు టిక్కెట్టు మీది నంబరైనా అంతే. చూసి, తల ఊపి, అప్పుడు ఊపిరి వదిలేవాడు. పాడైన కాటాలు బాగుచేసే చిన్న కొట్టు అతనిది. వీధిలో అందరికీ తూకాలాయన. ఇంట్లో ఒక గది, ఒక స్టవ్వు, ఒక గొడుగు. సాయంత్రం కొట్టు మూసి అక్క ఇంటికి వెళ్లి టీ తాగి వచ్చేవాడు. రోజు మొత్తంలో అతను బేరం కాని మాట మాట్లాడేది అక్కడే.

అక్క బట్టలు కుట్టేది. బావ పోయాక కూడా ఆ ఒక్క గదినీ, దాని వెనక వంటింటినీ వదల్లేదు. పక్క స్థలంలో మేడ కోసం పునాదులు తవ్వడం మొదలయ్యాక ఆమె గోడకు నిలువునా బీట పడింది. ఇంటి యజమానురాలు వచ్చి చూసింది.

"పునాది పూడ్చేదాకా గోడ కదలకపోతే ఉండండమ్మా. కదిలిందంటే మాత్రం ఖాళీ చేసెయ్యండి. రేపేదన్నా అయితే నా మెడకు చుట్టుకుంటుంది."

కదలికను కొలిచే పరికరం తెప్పించడం వాళ్ల తాహతుకు మించిన పని. తమ్ముడు కొట్టులో మూలపడ్డ వంటింటి కాటాలు విప్పాడు. ఒక్కోదానిలో ఒక సన్నని లోహపు పట్టీ ఉంటుంది. వెంట్రుకవాసి కన్నా తక్కువ వంగినా దాని గుండా పోయే కరెంటు కాస్త మారుతుంది. చవక పట్టీలు కాబట్టి ఒకటి ఎక్కువ చూపిస్తుంది, ఇంకోటి తక్కువ చూపిస్తుంది. అందుకే ఆరింటిని తీసి, బీటకు అడ్డంగా, ఒకదాని కింద ఒకటి అంటించాడు. ఆరింటి సగటు ఒకే అంకెగా కనబడేలా ఒక చిన్న డబ్బా బిగించాడు. ఎండ తగలకుండా కిటికీకి అట్ట కట్టాడు.

"ఆరుగురు అబద్ధాలకోరుల్ని తెచ్చి నా ఇంట్లో పెట్టావు," అంది అక్క.

"ఎవరి అబద్ధం వాళ్లు చెబితే ఫరవాలేదక్కా. ఒకరిదొకరు కొట్టేసుకుంటారు."

పట్టీల కిందే బల్ల ఉంది. ఆ గదిలో కుట్టుమిషను పోగా మనిషి కూర్చోవడానికి మిగిలిన చోటు అదొక్కటే. అతను రోజూ అక్కడే కూర్చుని, గోడకు వీపు ఆనించి, టీ తాగుతూ అంకె చూసేవాడు. అవతల తవ్వే యంత్రం రొద పెడుతుండగా అంకె మెల్లగా పెరిగేది. మర్నాడు వచ్చేసరికి మళ్లీ దిగి ఉండేది. అతని మొహం రోజురోజుకీ వాడిపోయింది. తెరుచుకుని మూసుకునే బీట, ఊరికే పడి ఉన్న బీట కన్నా చెడ్డది.

"కదులుతోందక్కా," అన్నాడు చివరికి.

అక్క మిషను ఆపలేదు. ఆ వారమే అటక మీది సామాను దించడం మొదలుపెట్టింది. ఊరి చివర కుట్టుపని తెలిసిన స్నేహితురాలి దగ్గర చోటుందంది. అక్కడికి వెళ్తే అతను రోజూ వెళ్లి వచ్చే దూరం కాదు.

అంతలో అతను జ్వరంతో మంచం పట్టాడు. సాయంత్రం అక్కకు ఫోను చేసి అంకె చదవమన్నాడు.

"పొద్దున ఉన్నదే."

"యంత్రం ఆడుతోందా?"

"చెవులు చిల్లులు పడుతున్నాయిరా. ముందు నువ్వు మందు వేసుకో."

మర్నాడూ నిన్నటిదే. ఆ మర్నాడూ అదే.

జ్వరం తగ్గగానే వెళ్లి బల్ల మీద కూర్చున్నాడు. అంకె పెరిగింది. లేచి వంటింట్లోకి పోయి చాలాసేపు నిలబడ్డాడు. తిరిగొచ్చి చూస్తే దిగింది. గోడకు ఏమీ కాలేదు. అతని వీపు వేడి, చేతిలో గ్లాసు వేడి తగిలి పట్టీలు సాగుతున్నాయి. ఎండను లెక్కలో వేసుకున్నాడు, తనను వేసుకోలేదు. ఆరూ ఒకే అబద్ధం చెబితే సగటు ఏం చేస్తుంది?

చెబితే అక్క కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "అయితే ఇన్నాళ్లూ నా ఇల్లు కూల్చింది నువ్వా?"

"పునాది పూడ్చేదాకా నేను రానక్కా. నేను లేని అంకె చూపిస్తేనే ఇంటావిడ నమ్ముతుంది."

"చాదస్తం. వంటింట్లో కూర్చో."

"అక్కడికి నా వేడి రాదని ఎలా చెప్పను?"

"మరి నేను మనిషిని కానా? నాకు వేడి లేదా?"

"నువ్వెప్పుడూ ఉండేదానివి. గదితో పాటు నువ్వూ లెక్కలో కలిసిపోయావు. వచ్చిపోయేది నేను."

అక్క గ్లాసు కడగడానికి లోపలికి వెళ్లింది. అతను చెప్పులు వేసుకున్నాడు.

మర్నాడు ఉదయం అతను కొట్టు తెరవలేదు. మిగిలిన పట్టీ ఒకటి, అంకె చూపే డబ్బా ఒకటి తెచ్చి తన గది గోడకు, బీట లేని చోట, అంటించాడు. దాని పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. అంకె పెరిగింది. జానెడు వెనక్కి జరిగి, ఆగి చూశాడు. ఇంకా పెరుగుతోంది. మరో జానెడు జరిగాడు. తన వేడి ఎంత దూరం పోతుందో తెలిస్తే, అక్కకు ఎంత దూరంలో కూర్చోవచ్చో తెలుస్తుంది. స్టూలు గుమ్మం దాకా వచ్చినా అంకె ఆగలేదు. అతను లేచి, దాన్ని ఎత్తి, గడప అవతల పెట్టి కూర్చున్నాడు.