అదెంతుంటాదని అడిగిన అత్త

ఎదురింటి అత్త పోయిందని తమ్ముడు టాటానగర్ నుంచి బిర్సానగర్‌లో మా ఇంటిదాకా సైకిలు తొక్కుకుంటూ వచ్చి చెప్పాడు. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది సందేహం: పోయేముందు ఎవర్ని ఏం అడిగి ఉంటుంది? ఎవర్నీ ఏమీ అడగని పూట ఆవిడకు అన్నం సయించేది కాదు.

టాటానగర్ రైల్వే క్వార్టర్లలో మా పుట్టింటికి ఎదురిల్లు. చుట్టరికం ఏమీ లేదు, వాళ్లదీ శ్రీకాకుళం వైపేనని తెలిసిన రోజునుంచీ అత్తే. కొత్తగా బండి దిగినవాళ్లను ఆపి, మీ ఊరి వంకాయ ఏ రంగని అడిగేది. "అడిగితే పోయేదేటుంది?" అనేది. మా అమ్మ ఆవిడను సీఐడీ అని ఆటపట్టించేది.

నాకు పద్నాలుగేళ్లప్పుడు ఊళ్లో మశూచి తిరిగింది. తమ్ముడికి పోసింది. గుమ్మానికి వేపమండలు కట్టారు, వంటలో పోపు మానేశారు. అమ్మవారు ఉన్న ఇంట్లో నూనె చిటపటలాడకూడదు. వాడు లేచి తిరిగాడు, నేను పడుకున్నాను. ఒంటిమీద ఒక్క పొక్కు లేదు, జ్వరం లేదు. ముద్ద మింగుడుపడేది కాదు, జడ వేసుకోబుద్ధయ్యేది కాదు, తెల్లవారకపోతే బాగుండుననిపించేది. దాన్ని డిప్రెషన్ అంటారని చాలా ఏళ్లకు గాని తెలియలేదు. అమ్మవారు పైకి రాకుండా లోపలే పోసిందనుకుంది అమ్మ. వేపమండలు మార్చి కట్టి, నన్ను వేరే గదిలో పడుకోబెట్టి, చప్పిడి అన్నం పెట్టింది.

లోపలికి ఎవరూ రాకూడదు గనక అత్త కిటికీ అవతల నూనెడబ్బా బోర్లించుకుని కూర్చుంది.

"నీకేటవుతందే?"

"కుఛ్ నహీ," ఏం లేదన్నాను గోడవైపు తిరిగి.

"అదెంతుంటాది? కుండంతుంటాదా, ఇల్లంతుంటాదా?"

అందరూ తగ్గిందా అనే అడిగారు, ఎంతుందని ఎవరూ అడగలేదు. మర్నాడు, పొద్దున్న ఎక్కువా, సందేళ ఎక్కువా అంది. నాకూ తెలుసుకోవాలనిపించింది. రోజంతా చూసుకుని, పొద్దున్నే అని చెప్పాను.

"అయితే పొద్దున్నే వత్తాను."

అన్నట్టే వచ్చేది. కొన్నాళ్లు చూసి అమ్మతో అంది: "అమ్మోరెప్పుడో దిగిపోనాది వదినా. పిల్లకి పట్టింది దిగులు. పోపెట్టు."

అమ్మకు చేతులాడలేదు. అత్తే తన కుంపటి మా పెరట్లోకి తెచ్చుకుంది. "కోపమొత్తే నా మీదకే వత్తాది," అందిగాని ఆవిడకూ భయమే. ఇంట్లో కోడలికి నెలలు నిండాయి. మూకుడు చేత్తో పట్టుకుని కాసేపు మా ఇంటివైపూ తన ఇంటివైపూ చూసి, అప్పుడు ఆవాలు వేసింది. ఆ చారుతో నాలుగు ముద్దలు తిన్నాను.

దాంతోనే నయమైపోలేదు. ఆవిడ అడుగుతూ వచ్చింది, నేను చెబుతూ వచ్చాను. దసరా సెలవులయ్యాక బడికి వెళ్లాను. కోడలికి ఆడపిల్ల పుట్టింది, చల్లగా ఉంది. నా ప్రాణం ఆవిడ నిలబెట్టిందేనని ఇప్పటికీ అనుకుంటాను.

నిన్న ఆ ఇంటివాళ్లను చూసి రావడానికి వెళ్లాను. ఆ మనవరాలికి ఇప్పుడు పదిహేనేళ్లు. నానమ్మ మంచం పట్టినప్పటినుంచీ సరిగా తినడం లేదట, ఎవరితోనూ మాట్లాడదట. గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నేను పెరట్లోకి వెళ్లి డబ్బా ఒకటి వెతికి, కిటికీ అవతల బోర్లించుకుని కూర్చున్నాను.

"ఏటవుతందే?"

"కుఛ్ నహీ, బువా," అంది. అత్తను ఈ పిల్లలు హిందీలోనే పిలుస్తారు.

"అదెంతుంటాది?"

చాలాసేపటికి ఇటు తిరిగింది. రెండు చేతులూ మెల్లగా చాపింది. వాటి మధ్య దూరం చూసుకుని, ఇంకొంచెం చాపింది.