టోపీ ఆరేదాకా

మా అపార్టుమెంటు గుమ్మం ముందున్న బెంచీ మీద లెవ్కో స్కిబా ఒక రోజంతా తడి టోపీ తలకు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజు గురించి ఊళ్ళో తలో మాట అన్నారు. మతి పోయిందన్నవాళ్ళున్నారు, పొద్దున్నే పట్టించాడన్నవాళ్ళున్నారు. అతను చుక్క కూడా ముట్టలేదు. ఆ టోపీ నానబెట్టడానికి చక్కెర పట్టుకెళ్ళింది మా వంటింట్లోంచే కాబట్టి నాకు తెలుసు. అలాంటి నోళ్ళు మూయించడానికైనా ఈ కథ మొదటినుంచి చెప్పాలి.

తేతెరివ్ ఏటి ఒడ్డున మా ఊరు, విమానాల్లోంచి దూకే సైనికుల దళానికి నెలవు. మా ఊళ్ళో పుట్టిన మగపిల్లలు నడక రాకముందే ఆకాశం వైపు చూస్తారని మావాళ్ళ గొప్ప. ఆ విమానాల మోతకు ఎవరైనా చూస్తారు, అందులో గొప్పేముంది! నేను ఆ దళం వంటశాలలో గరిటె తిప్పి తిప్పి రిటైరయ్యాను. లెవ్కో అక్కడే పారాచూట్ల గోదాముకు పెద్ద. జవానుకు ఎక్కువ, ఆఫీసరుకు తక్కువ అనే రకం ఉద్యోగం. అతని కొడుకు నజార్‌కు జ్ఞానస్నానమప్పుడు జ్ఞానతల్లిగా నిలబడింది నేనే. అందుకే మా ఆచారం ప్రకారం లెవ్కో నన్ను "కుమో" అంటాడు, నేనతన్ని "కుమే" అంటాను.

లెవ్కో సోవియట్ కాలంలో పద్దెనిమిదేళ్ళకే అఫ్గానిస్తాన్ వెళ్ళాడు. పక్క వీధి దెమ్యాన్ కూడా అదే విమానంలో వెళ్ళాడు, జస్తా రేకు శవపేటికలో తిరిగొచ్చాడు. పెట్టె మీద సోవియట్ పారాచూట్ దళాల గుర్తయిన ఆకాశనీలం టోపీ ఉంచి పూడ్చారు. ఆ తరువాత దేశం విడిపోయింది. మా దళాన్ని మంచులో వరుసగా నిలబెట్టి, ఉక్రెయిన్‌కు ప్రమాణం చేసేవాళ్ళు ముందుకు రండి అన్నారు. కొందరు ఆఫీసర్లు పెట్టెలు సర్దుకుని రష్యా రైలెక్కారు. తన వరుసలో అందరికన్నా ముందు అడుగేసింది లెవ్కో. "ఆ రోజు నా తల మీదున్నది కూడా నీలం టోపీనే," అని ఆ ముక్క ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

పెట్రోలు లేక విమానాలు తుప్పు పట్టిన ఏళ్ళు, జీతాలు రాక మేం బంగాళాదుంపలు పండించుకుని బతికిన ఏళ్ళు, అన్నీ అతను గోదాములోనే గడిపాడు. మొదటిసారి దూకి వచ్చిన కుర్రాణ్ణి వంచి, చిన్న పారాచూట్ మూటతో పిర్రల మీద ఒక్కటి వేయడం మావాళ్ళ ఆచారం. ఆ దెబ్బ లెవ్కో చేతిదైతేనే లెక్క. ఇక టోపీ సంగతి. కొత్తగా ఇచ్చిన టోపీ పెనం మీది అట్టులా పల్చగా, వెడల్పుగా ఉంటుంది. దాన్ని వేడి చక్కెరనీళ్ళలో నానబెట్టి, పిండి, తలకు పెట్టుకుని, ఒక పక్కకు నొక్కి, ఆరేదాకా తీయకూడదు. ఆరాక పైన నూగు బ్లేడుతో గీకేయాలి. కుర్రాళ్ళు బద్ధకించి రేడియేటర్ మీద ఆరేసుకుంటే లెవ్కో మండిపడేవాడు.

"ఎవడి టోపీ వాడి తల మీదే ఆరాలిరా గాడిదల్లారా! రేడియేటర్ మీద ఆరితే రేడియేటర్‌కే సరిపోతుంది. పోయి దానికే తొడగండి!"

సోవియట్ కాలం నుంచీ దళం పండుగైన ఆగస్టు రెండున, ఏటా పాత సైనికులంతా చారల బనియన్లు, నీలం టోపీలతో ఊరి మధ్య ఫౌంటెన్‌లో దూకేవారు. పుచ్చకాయలు కోసేవారు, తలల మీద ఇటుకలు పగలగొట్టుకునేవారు. పొట్టలు పెరిగిన మగాళ్ళు చిన్నపిల్లల్లా నీళ్ళు కొట్టుకుంటుంటే నేనూ, లెవ్కో భార్య యారినా ఒడ్డున తువ్వాళ్ళు పట్టుకుని నిలబడి నవ్వుకునేవాళ్ళం. నజార్ తండ్రి టోపీ లాక్కుని పెట్టుకుని గంతులేసేవాడు.

నజార్ పెద్దయ్యాక అదే దళంలో చేరాడు. రెండు వేల పద్నాలుగులో తూర్పున యుద్ధం మొదలైనప్పుడు మా దళాన్నే ముందు పంపారు. ఆ వేసవంతా చుట్టుముట్టబడి, తప్పించుకుని, మళ్ళీ వెనక్కి వెళ్ళి, మా పిల్లలు సగానికి సగం అయిపోయారు. నజార్ తిరిగొచ్చాడు. అంతకుముందు ఆపకుండా వాగేవాడు, ఇప్పుడు అడిగితే తప్ప నోరు విప్పడు. ఆ ఏడాది నుంచి తండ్రితో ఫౌంటెన్ దగ్గరికి కూడా రాలేదు.

మూడేళ్ళ తరువాత పైఅధికారుల ఆజ్ఞ వచ్చింది. నీలం టోపీ ఇక లేదు, మెరూన్ టోపీ. ఆగస్టు పండుగ లేదు, నవంబరులో మిఖాయిల్ దేవదూత రోజునే పండుగ. లెవ్కో ఆ బెంచీ మీద, మా అందరి ముందు, అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

"నెత్తురు రంగు గుడ్డొకటి, బిళ్ళేమో నుదుటి మధ్య నుంచి కనుబొమ్మ మీదికి జారింది! తాగి కుట్టారా దాన్ని? నేను చచ్చినా ఆ ఎరుపు నా తలకు తగలనివ్వను. ఒట్టు."

"నాన్నా," అన్నాడు నజార్ మెల్లగా. "అక్కడ కాలిపోయిన బండిలోంచి ఒకణ్ణి బయటికి లాగాను. మనమీద తూటాలు కురిపించిన రష్యావాడే. లోపల నీదిలాంటి చారల బనియను, జేబులో నీదిలాంటి నీలం టోపీ. అది చూశాక ఇంకెలా పెట్టుకోను చెప్పు?"

"వాళ్ళు పెట్టుకున్నారని మనది మనం పారేసుకోవాలా? దెమ్యాన్ దగ్గరికెళ్ళి ఏం చెప్పమంటావ్, నీ టోపీకి కాలం చెల్లిందనా?"

"దెమ్యాన్ బాబాయిని ఏమీ అనట్లేదు. కొత్త టోపీ ఇచ్చే రోజున తండ్రులున్నవాళ్ళకు తండ్రులే తొడగాలన్నారు. నువ్వు రావాలి. అంతే అడుగుతున్నా."

"రాను."

రాలేదు. మైదానంలో వాన తుంపర. తండ్రులు, తండ్రులు లేనివాళ్ళకు పాత ఆఫీసర్లు, ఒక్కొక్కరూ ముందుకొచ్చి పిల్లల తలల మీద టోపీలుంచారు. నజార్ దగ్గరికి కమాండర్ స్వయంగా వచ్చి చెయ్యి చాపాడు. వాడు టోపీ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఉత్త తలతో వానలో నిలబడ్డాడు.

"ఏంట్రా ఇది, పట్టుదలకి నువ్వూ తక్కువ తిన్లేదే!" అని సాయంత్రం తిట్టాను.

"మా నాన్న తొడిగితేనే పెట్టుకుంటా పెద్దమ్మా. ఊళ్ళో అందరి టోపీలూ ఆయనే సరిచేశాడు. నాది మాత్రం నేనే నానబెట్టుకోవాలా?"

ఆనాటినుంచి ప్రతి పండుగకూ వాడికి కాపలా డ్యూటీ పడేది, టోపీ లేకుండా వరుసలో నిలబెట్టలేరు కాబట్టి. తండ్రి ఇంట్లో, కొడుకు గేటు దగ్గర. ఒకే గుమ్మంలో కాపురం, ఒకే కుండలో బోర్ష్ పులుసు, ఆ ఒక్క మాట మాత్రం ఇద్దరి మధ్యా రాదు. యారినా ఏడ్చి ఏడ్చి ఊరుకుంది. ఇద్దర్నీ చెవులు పట్టుకుని తలలు గుద్దించాలనిపించేది నాకు.

తరువాత అసలు యుద్ధం వచ్చింది, రష్యా దేశం మొత్తం మీద పడింది. తెల్లవారకముందే మా కిటికీ అద్దాలు రాలిపడ్డాయి. లెవ్కో తన పాత బూట్లేసుకుని సైన్యం ఆఫీసుకు వెళ్తే, వయసు చూసి వెనక్కి పంపారు. నజార్ వెళ్ళాడు. ఆకాశంలోంచి దిగడానికి ఏళ్ళ తరబడి నేర్చిన మా పిల్లల్లో ఒక్కడూ ఈ యుద్ధంలో దూకలేదు. తట్టా పారా పట్టుకుని భూమిలోకి దిగారు. బురద కందకాల్లో ఎలుకలతో పడుకున్నారు. లెవ్కో మడతపెట్టించిన పారాచూట్లు గోదాములో అలాగే ఉన్నాయి.

మరుసటేడు వేసవిలో నజార్ సెలవు మీద వచ్చాడు. చెర్రీపండ్లు కూరి ఉడికించిన వరెనికీలు వాడికి ప్రాణం. గిన్నె నిండా పట్టుకెళ్ళాను. తండ్రీకొడుకులు బల్లకు చెరోవైపు కూర్చున్నారు. నజార్ చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులోంచి మెరూన్ టోపీ తీసి తండ్రి ముందు పెట్టాడు. అదే అట్టు. ఒక్క ముడత లేదు.

"నాన్నా," అన్నాడు.

లెవ్కో చెయ్యి కదిలింది. నేను చూశాను, ప్రమాణంగా చూశాను. కానీ ఆ చెయ్యి టోపీ దాకా వెళ్ళకుండా ఉప్పు డబ్బా దగ్గర ఆగింది.

"తినే బల్ల మీద టోపీ పెట్టకూడదు. అరిష్టం. తియ్యి," అన్నాడు.

మా ఇళ్ళల్లో ఎవరైనా అనే మాటే అది. నజార్ నవ్వి, టోపీ కవర్లో పెట్టుకుని, నా వరెనికీలన్నీ తినేశాడు. వాడు వెళ్ళాక లెవ్కో మెట్ల దగ్గర నన్నాపాడు. "నవంబరులో వస్తాడుగా కుమో, మిఖాయిల్ పండక్కి. అప్పుడు మైదానంలోనే, అందరి ముందు తొడుగుతా. ఇట్లా వంటింట్లో బాగుండదు," అన్నాడు. నేను సరేనన్నాను. యుద్ధంలో ఉన్న పిల్లాడికి నవంబరు ఎవడు రాసిచ్చాడని అడిగుండాల్సింది.

అక్టోబరులో ఇద్దరు ఆఫీసర్లు, వాళ్ళ వెనక నజార్ జతగాడు యుఖిమ్ మెట్లెక్కి వచ్చారు. ఎవరింటికని మా అపార్టుమెంటులో ఎవరూ అడగలేదు. ప్రతి తలుపూ కొంచెం తెరుచుకుని, వాళ్ళు తమ అంతస్తు దాటిపోగానే మూసుకుంది. స్కిబాల తలుపు దగ్గర బూట్ల చప్పుడు ఆగింది. నేనూ వెనకే వెళ్ళాను.

యుఖిమ్ నజార్ సంచి బల్ల మీద పెట్టబోయి, మళ్ళీ నేల మీద పెట్టాడు. అందులో మేజోళ్ళు, సత్తు కప్పు, ఫోను చార్జరు, ప్లాస్టిక్ కవర్లో టోపీ ఉన్నాయి.

"ముందుకెళ్ళేటప్పుడు ఇది నాకిచ్చి పోయాడు బాబాయ్. పెళ్ళికి దాచుకున్నావేంట్రా అని ఏడిపించేవాళ్ళం. మా నాన్న తొడుగుతాడు అనేవాడు."

లెవ్కో టోపీ చేతుల్లోకి తీసుకున్నాడు. "రేపు పెట్టె వస్తుందిగా. మూత కాస్త పైకెత్తండి. నేను చూడను, ఒట్టు. చెయ్యి లోపల పెట్టి తొడిగేస్తాను."

యుఖిమ్ అతని భుజం పట్టుకున్నాడు. "తొడగడానికేం లేదు బాబాయ్."

నేను యారినాను పట్టుకున్నాను. లెవ్కో టోపీ అంచు వేళ్ళతో తడిమి చూశాడు.

మరునాడు పొద్దున్నే మా తలుపు కొట్టి చక్కెరడిగాడు. "అట్టులాంటి టోపీతో నా కొడుకును పంపను కుమో. ఎల్లుండికి అది సరిగ్గా ఉండాలి." యారినా తన కళ్ళముందు వద్దందట. అందుకని కిందికి దిగి, ఎక్కడ ఒట్టు పెట్టాడో ఆ బెంచీ మీదే కూర్చుని, చక్కెరనీళ్ళు కారుతున్న మెరూన్ టోపీ తలకు పెట్టుకుని ఒక పక్కకు నొక్కాడు.

ఎండ లేదు. చలిగాలి. చవక రంగేమో, కాసేపటికి ఎర్రటి చారలు కణతల మీదుగా కిందికి దిగాయి. మొదటి అంతస్తు ముసలమ్మ కిటికీలోంచి కెవ్వుమంది.

"లెవ్కో, నెత్తురు!"

"రంగు," అన్నాడు తల కదపకుండా.

సైరన్ మోగింది. జనమంతా నేలమాళిగలోకి పరిగెత్తారు. అతను లేవలేదు. నేను టీ గ్లాసు పట్టుకుని పక్కన కూర్చున్నాను.

"లోపలికి రా కుమే. నిమోనియా పట్టుకుంటుంది."

"టోపీ తల మీదే ఆరాలి. వాడి తల అచ్చం నాలాంటిదే. చిన్నప్పుడే నా టోపీలో దూరాలని చూసేవాడు, గుర్తుందా? ఇప్పుడింక నా తలే దిక్కు."

నాకు జాలి రాలేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఒళ్ళు మండింది. "ఒక్క నిమిషం పని! వాడు బతికున్నప్పుడు ఒక్క నిమిషం! బల్ల మీద నీ ముందు పెడితే ఉప్పు డబ్బా పట్టుకున్నావ్! నీ నీలం రంగుకి, నీ పంతానికి, పాడెకట్టా!"

"అను," అన్నాడు. "ఇంకా అను కుమో. ఇంకెవరూ అనట్లేదు. అందరూ ధైర్యంగా ఉండమంటున్నారు."

టీ గ్లాసు అతని చేతిలో పెట్టాను. సైరన్ ఆగేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.

అంత్యక్రియల రోజున దారి పొడుగునా జనం మోకాళ్ళ మీద కూర్చున్నారు. పెట్టె మీద టోపీ ఎంత చక్కగా కుదిరిందంటే, కుర్రసైనికులు దాన్నే చూస్తూ నడిచారు. జిల్లా నుంచి వచ్చిన పెద్దమనిషి ఆకాశవీరుల గురించి మాట్లాడాడు. కూలిన నేలమాళిగలో చచ్చిపోయిన పిల్లాడికి ఆకాశమేంటని నా పక్కనున్నామె గొణిగింది. దెమ్యాన్ సమాధి అక్కడికి నాలుగు వరుసల అవతలే. దాని మీద తడిసిన నీలం టోపీ ఒకటి కనిపించింది. లెవ్కో దాన్ని ఎప్పుడు పెట్టాడో నేనడగలేదు.

పెట్టె దించేముందు ఆఫీసరు జెండాను మడిచి, దాని మీద టోపీ ఉంచి లెవ్కోకు అందించాడు. "మీ అబ్బాయి టోపీ. దళం మీకు అప్పగిస్తోంది."

"నా కొడుకు దీన్ని ఒక్కసారీ పెట్టుకోలేదు బాబూ," అన్నాడు లెవ్కో. "దీనికి నా తల ఆకారం వచ్చింది."

ఆఫీసరు సెల్యూట్ చేసి వెనక్కి జరిగాడు.

ఇంటికి తీసుకుపోవాల్సిన టోపీని లెవ్కో శిలువకు తగిలించి వచ్చాడు. వాన పడితే అది ఉబ్బిపోతుంది, ఆకారం చెడుతుంది. అప్పుడు దాన్ని ఇంటికి తెస్తాడు. మా తలుపు కొడతాడు, చక్కెర ఇస్తాను. నానబెట్టి, పిండి, తలకు పెట్టుకుని బెంచీ మీద కూర్చుంటాడు. ఇప్పుడు దానిలోంచి రంగు కారడం లేదు, ఉన్నదంతా ఎప్పుడో దిగిపోయింది. పిల్లలు కూడా అలవాటుపడి అతని పక్కనే బంతి ఆడుకుంటున్నారు. మొన్న ఆదివారం టీ పట్టుకెళ్ళి, ఆరిందా అని అడిగాను.

"ఇంకా లేదు కుమో," అన్నాడు.