గుప్పెడు కిస్‌మిస్

ఆ ప్రయాణానికి ముందు నేను భయపడనిదంటూ లేదు. కొండల్లో పాములుంటాయని భయపడ్డాను. గడ్డిలో గోమార్లు పట్టుకుంటాయని భయపడ్డాను. కుక్క తాడు తెంచుకుని ఏ లేడి వెంటో పడిపోతే ఆ అడవిలో ఎక్కడని వెతుకుతామని భయపడ్డాను. దారిలో వాంతి చేసుకుంటే కొత్త వ్యాన్ సీట్లు పాడవుతాయని కూడా, నిజం చెప్పొద్దూ, భయపడ్డాను. నా చేతుల గురించి మాత్రం ఆలోచించలేదు.

మేం డాలస్ పక్కన కాపెల్‌లో ఉంటాం. మా ఆయన సాఫ్ట్‌వేర్. అమ్మాయికి పద్నాలుగేళ్లు, ఇక్కడే పుట్టింది. ఏడాది క్రితం కుక్క కావాలని పట్టుబట్టింది. "కుక్క ఇంట్లోకొస్తే నేను బయటికి పోతాను" అన్నాను. కుక్క వచ్చింది, నేను ఎక్కడికీ పోలేదు. గోధుమరంగు కుక్క, ఒక చెవి నిలబడి ఉంటుంది, ఇంకోటి వాలిపోయి ఉంటుంది. అమ్మాయి దానికో పేరు పెట్టుకుంది. నేను మాత్రం "ఏయ్" అని పిలిచేదాన్ని. ఆ "ఏయ్"కే ముందు పరిగెత్తుకొచ్చేది, ఎందుకంటే దాని గిన్నె నింపేది నేనే.

దానికి పెట్టకూడని తిండి గురించి అమ్మాయి ఫ్రిజ్ మీద బొమ్మల చార్టు అంటించింది. ఉల్లిపాయ, చాక్లెట్, ఇంకా ఏవేవో. వారం తిరక్కుండానే ఆ చార్టు కింది సగం మీద నేను ఇండియన్ స్టోర్ వాళ్లిచ్చిన పంచాంగం క్యాలెండర్ తగిలించాను. ఉల్లిపాయ పై సగంలో ఉంది కాబట్టి ఏడాది పాటు ఉల్లిపాయ ముక్క నేల మీద పడనివ్వలేదు. కింది సగంలో ఏముందో మళ్లీ చూడలేదు.

వ్యాన్ కొన్నాక, కుక్కని కూడా రానిచ్చే క్యాబిన్ ఒకటి ఓక్లహోమా కొండల్లో ఉందని మా ఆయన బుక్ చేశారు. మా ఇంటి నుంచి మూడు గంటల డ్రైవ్. "తోచీ తోచనమ్మ తోడికోడలి పుట్టింటికి వెళ్లిందట. ఉన్న ఇల్లు వదిలేసి అడవిలో పడుకోవడమేమిటండీ?" అన్నాను. ఎవరూ వినలేదు. అమ్మాయి లిస్టు రాసుకుంది: మడత గిన్నె, గోమార్ల మందు, టీకాల కాగితాలు, వాగులో దిగితే వేయడానికి కుక్కకో లైఫ్ జాకెట్. నా లిస్టు నాది. కొత్త బండి దూరం వెళ్తోంది కాబట్టి బయల్దేరే రోజే, శుక్రవారం పొద్దున్నే, సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించాం. పిలిచినవాళ్లలో సగంమంది రాలేదు. రవ్వ ప్రసాదం గిన్నెడు మిగిలిపోయింది.

మా ఆయనకి షుగర్. అమ్మాయికి నెయ్యి వాసన పడదు. ప్రసాదం పారేయకూడదు కదా, స్టీలు డబ్బాలో కూరి సంచిలో పెట్టాను. నడిచేటప్పుడు తినడానికి మిగిలిన కిస్‌మిస్ ప్యాకెట్ కూడా అందులోనే వేశాను. మధ్యాహ్నం బయల్దేరి చీకటి పడేసరికి క్యాబిన్ చేరాం.

శనివారం పొద్దున క్యాబిన్‌లో అందరికంటే ముందు లేచింది నేను. కాఫీ కలుపుకుని, వసారాలో కూర్చుని ప్రసాదం రెండు స్పూన్లు తిన్నాను. ఇంక తినలేను. కుక్క వచ్చి ఎదురుగా కూర్చుంది, నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు మొహం పెట్టుకుని. పారేస్తే పాపం, ప్రాణం ఉన్నదానికి పెడితే పుణ్యం, ఇందులో ఆలోచించడానికేముంది? "ఏయ్, నీ అదృష్టం" అని డబ్బాలో ఉన్నదంతా పేపర్ ప్లేట్‌లో వేసి, పొడిపొడిగా ఉంటే చేత్తో ముద్ద చేసి మరీ పెట్టాను. నాలుగు గుటకల్లో ఊదేసి నా అరచెయ్యి కూడా నాకింది. నాకు ఎంత తృప్తిగా అనిపించిందో చెప్పలేను. లోపలికెళ్లి కాఫీ కప్పు కడిగేటప్పుడు పొయ్యి మీద గడియారం ఆరున్నర చూపించింది. ఖాళీ డబ్బా కడగకుండానే సంచిలో పడేశాను.

తొమ్మిదింటికి సామాను వ్యాన్‌లో పెట్టుకుని బయల్దేరాం. వాగు పక్క కాలిబాట. కుక్క ఆనందం చూడాలి, ప్రతి రాయినీ పలకరిస్తూ, వెనక్కి తిరిగి ముగ్గురం వస్తున్నామో లేదో లెక్క చూసుకుంటూ నడిచింది. అరగంట దాటాక ఉన్నట్టుండి ఆగింది. కడుపు ఎగరేసి భళ్లున కక్కుకుంది.

అమ్మాయి వంగి చూసింది. పసుపుపచ్చటి రవ్వలో ఉబ్బిపోయిన కిస్‌మిస్‌లు.

"అమ్మా, అవి రైజిన్సా?" అంది. "రైజిన్స్ తింటే డాగ్స్‌కి కిడ్నీస్ ఫెయిల్ అవుతాయి! చార్ట్‌లో ఉంది కదా!"

పంచాంగం క్యాలెండర్ కళ్ల ముందు కనిపించింది.

నేను నోరు తెరిచేలోపే అమ్మాయి తల పట్టుకుంది. "నేనే. పొద్దున వ్యాన్ బ్యాక్ డోర్ ఓపెన్ పెట్టి బాత్రూమ్‌కి వెళ్లాను. ఇది లోపలే ఉంది. బ్యాగ్ కూడా అక్కడే." వ్యాన్ దగ్గరికి పరిగెత్తాం. సంచి తెరిస్తే మూత ఊడిన ఖాళీ డబ్బా. "చూడు, మొత్తం తినేసింది" అని డబ్బా పట్టుకుని ఏడ్చింది.

అప్పుడు చెప్పాలి. చెప్పలేదు. నోట మాట రాలేదు అంటే అబద్ధం, మాట వచ్చింది, నేనే మింగేశాను.

ఫోన్‌కి సిగ్నల్ లేదు. దగ్గర్లోని ఊళ్లో పశువుల డాక్టరు ఉన్నారని క్యాబిన్‌లో పెట్టిన కాగితం మీద చూశానని మా ఆయన అన్నారు. నలభై నిమిషాల దారి. వెనక సీట్లో అమ్మాయి కుక్క తల ఒళ్లో పెట్టుకుని "సారీ, సారీ" అంటూనే ఉంది, నాతో కాదు, దానితో. మా ఆయన అద్దంలో చూస్తూ "నీ తప్పేం లేదమ్మా, యాక్సిడెంట్ అది" అంటున్నారు. నేను ముందు సీట్లో కూర్చుని రోడ్డు చూస్తున్నాను. ఆ చెట్టు దాటాక చెబుదాం, ఆ వంతెన దాటాక చెబుదాం. చెట్టూ పోయింది, వంతెనా పోయింది. కుక్క చచ్చిపోతుందేమోనని భయం వేసింది. అది చచ్చిపోతే, చంపింది నేనని తెలిస్తే, ఈ పిల్ల జన్మలో నన్ను అమ్మా అని పిలుస్తుందా అని అంతకంటే భయం వేసింది. సిగ్గు లేకుండా రాస్తున్నాను, అదే ఎక్కువ వేసింది.

డాక్టరు అరవై ఏళ్లు దాటిన ఆవిడ, జీన్స్, బురద బూట్లు. శనివారం మధ్యాహ్నానికి మూసేసే క్లినిక్. కుక్క పొట్ట నొక్కి చూస్తూ రెండే ప్రశ్నలు అడిగింది. ఎప్పుడు తింది? ఎంత తింది?

"తొమ్మిదింటికి" అంది అమ్మాయి. "ఎంతో తెలీదు."

డాక్టరు గడియారం చూసింది. పదకొండుంపావు. రెండు గంటలే కాబట్టి ఫరవాలేదు, మిగిలింది కూడా కక్కించేసి సాయంత్రం ఇంటికి పంపిస్తాను అన్నట్టు చెప్పి సూది కోసం లేచింది.

మా అమ్మాయి మొహంలోకి రంగు వచ్చింది. నేను ఊరుకుంటే సరిపోయేది. అందరూ సంతోషంగా ఇంటికెళ్లేవాళ్లం, కుక్క లోపల విషంతో సహా.

"నో" అన్నాను. గట్టిగానే అన్నానేమో, డాక్టరు ఆగిపోయింది. "సిక్స్ థర్టీ. ఐ గేవ్ ఇట్. విత్ మై హ్యాండ్."

అమ్మాయి నా వైపు తిరిగింది. తిడితే బాగుండేది.

డాక్టరు మాత్రం నన్ను తిట్టలేదు, నా కంటే వేగంగా లెక్కలేసుకుంటోంది. దాదాపు ఐదు గంటలు. రక్తంలోకి ఎక్కే ఉంటుంది. ఎన్ని కిస్‌మిస్‌లు, ఎన్ని గ్రాములు అని అడిగింది. నేనేం చెప్పను? మా అమ్మ కొలిచి వండలేదు, నేనూ కొలవను. ఏదైనా చిటికెడు, గుప్పెడు, కంటికి సరిపోయేంత. గుప్పిట మూసి చూపించాను. "ఇలాంటివి రెండు గుప్పిళ్లు వేశాను. అందులో సగం దీనికి పెట్టాను" అని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. అంటే కుక్కకి పెట్టింది ఒక గుప్పెడు.

ఆవిడ నా గుప్పిట వైపు చూసి, కిస్‌మిస్ ఇంకా ఉన్నాయా అంది. మా ఆయన వ్యాన్‌కి పరిగెత్తి ప్యాకెట్ తెచ్చారు. పిల్లికూనల్ని తూచే చిన్న త్రాసు బల్ల మీద పెట్టి, ఎప్పుడూ వేసేంతే వెయ్యమంది. ప్యాకెట్‌లో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి త్రాసులో వేశాను. నలభై గ్రాములు. డాక్టరు మొహం చూశాక అది ఎక్కువో తక్కువో అడగాల్సిన పని లేకపోయింది.

కక్కించింది. కాలికి సెలైన్ పెట్టింది. రెండు రోజులు కదలకుండా ఉండాలి, తన ఇల్లు క్లినిక్ వెనకే కాబట్టి తనే చూసుకుంటాను అంది. సోమవారం పొద్దున రక్తపరీక్షలో కిడ్నీ నంబరు పెరగకపోతే బతికినట్టు, పెరిగితే మాట్లాడుకుందాం. తలుపు దగ్గర నా భుజం మీద చెయ్యేసి, టైము చెప్పి మంచి పని చేశావు, లేకపోతే సాయంత్రమే పంపేసేదాన్ని అంది. ఆ మాట అమ్మాయి విందో లేదో తెలియదు, అప్పటికే వ్యాన్‌లో కూర్చుంది.

ఆ రెండు రోజులూ క్యాబిన్‌లో ఎలా గడిచాయో నాకు తెలుసు. శనివారమంతా అమ్మాయి నాతో ఒక్క మాట మాట్లాడలేదు. కుక్క లైఫ్ జాకెట్ పక్కన పెట్టుకుని కూర్చుంది. మా ఆయన "తెలిసి చేశావా ఏంటి, ఊరుకో" అన్నారు. "మీరు కాస్త నోరు మూసుకుంటారా?" అని అరిచాను. పాపం, ఆయనదేం తప్పు, నా ఒళ్లు నాకే మండుతోంది. మొక్కుకుందామని చేతులు జోడించాను. ఆ దేవుడి ప్రసాదమే పెట్టి ఆ దేవుడికే ఏ మొహం పెట్టుకుని మొక్కను? చేతులు దించేశాను.

ఆదివారం మధ్యాహ్నం అమ్మాయి వసారాలో నా పక్కనొచ్చి కూర్చుంది. నా వైపు చూడకుండా అంది, "నువ్వు తెలీక పెట్టావు. ఐ గెట్ దట్. కానీ కార్‌లో నేను నా ఫాల్ట్ అని ఏడుస్తుంటే చూస్తూ కూర్చున్నావు. ఫార్టీ మినిట్స్. ఎందుకమ్మా?"

"భయం వేసింది."

"దానికి ఏమన్నా అవుతుందనా?"

"నువ్వంటే భయం వేసిందే" అన్నాను. ఏడుపొచ్చేసింది. "నువ్వింక నాతో మాట్లాడవని."

"దట్స్ సో డమ్" అని లేచి లోపలికి వెళ్లింది. కాసేపటికి రెండు గ్లాసుల నీళ్లతో వచ్చి ఒకటి నా పక్కన పెట్టింది.

సోమవారం ఎనిమిదింటికే క్లినిక్ బయట నిలబడ్డాం. డాక్టరు కాగితం పట్టుకుని వచ్చింది. నేను ఆవిడ నోటి వైపు చూడలేక బూట్ల వైపు చూశాను. నంబరు పెరగలేదు. మా ఆయన అక్కడే మెట్ల మీద కూలబడ్డారు.

లోపలికి వెళ్లాం. కుక్క చిక్కిపోయింది. తోక ఊపుతోంది గానీ, తిండి ముట్టడం లేదని, కొంచెమైనా తిన్నాకే పంపుతానని డాక్టరు అంది. అమ్మాయి గిన్నె ముందు పెట్టింది. మొహం తిప్పుకుంది. వేళ్లతో తీసి పెట్టబోయింది. వాసన చూసి ఊరుకుంది. మా ఆయన ప్రయత్నించారు. ఊహూఁ. అది గది మూల నిలబడ్డ నన్నే చూస్తోంది, ఒక చెవి నిలబెట్టి.

అమ్మాయి కూడా నన్ను చూసింది. "అమ్మా, నువ్వు పెట్టు."

"నేను పెట్టను" అన్నాను. రెండు చేతులూ చున్నీలో దాచుకున్నాను. "నా చేత్తో వద్దు."

అమ్మాయి లేచి వచ్చి తిండి డబ్బా నా చేతిలో పెట్టింది. అందులో ఏమేం కలిపారో డబ్బా మీద అక్షరం అక్షరం చదివాను. రెండోసారి మళ్లీ చదివాను. ఎవరూ నన్ను తొందరపెట్టలేదు. అప్పుడు కింద కూర్చుని, కొంచెం తీసి, వేళ్లతో ముద్ద చేసి చెయ్యి చాపాను. కుక్క వాసన కూడా చూడలేదు. గబుక్కున తినేసి, శనివారం పొద్దున నాకినట్టే నా అరచెయ్యి నాకింది.

చాపిన చెయ్యి అలాగే ఉంచేశాను. అమ్మాయి వచ్చి నన్ను ఆనుకుని కూర్చుంది. నా చేతి కింద తన చెయ్యి పెట్టింది.

"ఇంకో ముద్ద పెట్టమ్మా" అంది.